పేర్లున్న తీరం, ముఖాలున్న దీవి

అడవులదీవికి పడవెక్కి పోనక్కర్లేదు. రేపల్లెలో బస్సెక్కితే చాలు. ఊరి చుట్టూ నీళ్ళున్న మాట నిజమే గానీ, వాటిలో ఎక్కువ భాగం రొయ్యల చెరువుల నీళ్ళు. గట్ల వెంబడి కరెంటు తీగలు, చెరువుల్లో నురగలు చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు, మోటారు సైకిలు మీద మేత బస్తాలు వేసుకుని పోయే కుర్రాళ్ళు. సముద్రం వైపు నడిచేకొద్దీ చెరువులు పలచబడి మడ అడవి మొదలవుతుంది. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు. పోటు వచ్చినప్పుడు ఆ వేళ్ళు మునుగుతాయి, పాటుకు మళ్ళీ తేలతాయి. దారి చూపడానికి వెంట వచ్చిన కుర్రాడు ఒక చెట్టు కొమ్మను చేత్తో పక్కకు తప్పించబోయిన నన్ను ఆపాడు. ‘‘తిల్ల చెట్టండీ. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం’’ అన్నాడు.

నేను వచ్చింది రొయ్యల కోసం కాదు. కొంతకాలంగా క్రీటు దీవి కళ గురించి చదువుతున్నాను. గ్రీసుకు దక్షిణాన మధ్యధరా సముద్రంలో అడ్డంగా పడి ఉన్న పొడుగాటి దీవి అది. నాలుగు వేల ఏళ్ళ కిందట అక్కడ పెద్ద పెద్ద భవనాలు కట్టి, గోడల మీద డాల్ఫిన్లనూ కుంకుమపూలనూ ఎద్దుల మీంచి గెంతే పిల్లలనూ చిత్రించిన జనాన్ని ఇవాళ మినోవన్లు అంటున్నారు. చదివిన కొద్దీ ఒక ఆలోచన వదల్లేదు. సముద్రం మీద బతికిన మనుషులు మన తీరంలోనూ ఉన్నారు గదా, వాళ్ళు ఏం కట్టారు, ఏం చెక్కారు, దానిలో ఏం మిగిలింది? తెనాలిలో కూర్చుని ఊహించేకంటే సముద్రపు అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి ప్రయాణం చేస్తే మేలనిపించింది. అడవులదీవి, నిజాంపట్నం, రేపల్లె, భట్టిప్రోలు. మ్యాపులో చూస్తే చిన్న దారే.

మడ అడవిలో పురాతన కట్టడం ఒక్కటీ లేదు, ఉండదు కూడా. కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు ఇది. గోరంత రాయి కావాలన్నా ఎగువ నుంచి రావాల్సిందే. క్రీటులో ఎక్కడ తవ్వినా సున్నపురాయి, జిప్సం. దానికి ఉత్తరంగా చెల్లాచెదరుగా ఉన్న సైక్లాడిక్ దీవుల్లోనైతే నాక్సోస్, పారోస్ లాంటి చోట్ల తెల్లటి పాలరాయి. మినోవన్ల భవనాలకు ఇంకా ముందే, క్రీస్తు పూర్వం మూడో సహస్రాబ్దిలో, ఆ దీవులవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడిన పాలరాతి బొమ్మలు చెక్కారు. నున్నటి ముఖం మీద ముక్కు తప్ప మరేమీ చెక్కరు. కళ్ళూ నోరూ రంగుతో వేసేవాళ్ళు, ఆ రంగు ఎప్పుడో రాలిపోయింది. ఇరవయ్యో శతాబ్దపు శిల్పులు ఆ ఖాళీ ముఖాలను చూసి మురిసిపోయారు. అసలు బొమ్మలు రంగులతో కళకళలాడేవని తెలిశాక ఆ మురిపెం కొంచెం తమాషాగా అనిపిస్తుంది.

మన డెల్టా శిల్పికి ఆ వైభోగం లేదు. అతని చేతిలో ఉన్నది మన్ను. దాన్ని కాలిస్తే ఇటుక. రాయి కావాలంటే పల్నాడు నుంచి తెచ్చుకోవాలి. అమరావతి పలకలను మనం పాలరాయి అనేస్తాం గానీ అది పల్నాటి సున్నపురాయే. ఇక్కడి కళను చూసేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే అన్యాయం చేసినట్టే.

నిజాంపట్నం రేవు దగ్గర చేపల వాసన, డీజిలు వాసన కలిసిపోయి ఉంటాయి. మరపడవలు, ఫైబరు పడవలు వరసగా ఆగి ఉన్నాయి. ప్రతి పడవ మీదా రిజిస్ట్రేషన్ నంబరు, దాని పక్కనో కిందనో పేర్లు. కూతుళ్ళ పేర్లు, అమ్మవార్ల పేర్లు, ఏసు పేరు, ఒకచోట సినిమా హీరో పేరు. ఒక పడవ మీద ముగ్గురి పేర్లు వరసగా రాసి, మూడో పేరు దగ్గర చోటు చాలక అక్షరాలు ఇరికించారు. పడవ కొన్న ముగ్గురు భాగస్తులట. ఆ మూడో భాగస్తుడు ఏమనుకున్నాడో గానీ రంగు వేసినవాడి తంటా మాత్రం కనిపిస్తూనే ఉంది.

వల బాగుచేస్తున్న ఒక పెద్దాయన పక్కన కూలబడ్డాను. ఆయన సరంగుగా పనిచేసి మానేశాడట. చూపు బాగానే ఉంది. ఫోన్లో అక్రోతిరి చిత్రాలు తీసి చూపించాను. క్రీటుకు ఉత్తరాన థేరా అనే దీవి ఉంది. దాదాపు 3,600 ఏళ్ళ కిందట అక్కడ అగ్నిపర్వతం పేలి, అక్రోతిరి అనే ఊరు మొత్తం బూడిద కింద కప్పబడిపోయింది. 1967లో స్పిరిడాన్ మరినాటోస్ అనే గ్రీకు పండితుడు దాన్ని తవ్వడం మొదలుపెట్టాడు. ఒక ఇంట్లో, గోడ పైభాగాన పట్టీలాగా, ఓడల బారు చిత్రం బయటపడింది. తెడ్లు వేసేవాళ్ళు వంగి ఉంటారు. పైన పందిరిలాంటి నీడలో తెల్లబట్టల మనుషులు కూర్చుని ఉంటారు. ఓడల చుట్టూ డాల్ఫిన్లు ఎగురుతుంటాయి.

పెద్దాయన వేళ్ళతో చిత్రాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

‘‘ఇది వేటకు పోయే పడవ కాదు బాబూ.’’

‘‘ఎట్లా చెప్పగలవు బాబాయ్?’’

‘‘వల ఏదీ? తెడ్డు వేసేవాడు అంత కిందికి వంగాడంటే పడవ లోతుగా ఉందన్నా అనుకోవాలి, బరువెక్కువన్నా అనుకోవాలి. పైన కూర్చున్నోళ్ళు కాళ్ళు చాపుకుని హాయిగా ఉన్నారు. తీర్థానికి పోతున్నట్టుంది.’’

ఆ చిత్రం పండగ ఊరేగింపేనని వాదించిన పండితులు ఉన్నారు. వాళ్ళకు ఆ మాట చెప్పడానికి చాలా పేజీలు పట్టింది.

అదే ఇంట్లోదే ఇంకో చిత్రం. నూలుపోగు లేని ఒక కుర్రాడు రెండు చేతులా చేపల గుత్తులు పట్టుకుని నిలబడి ఉంటాడు. పెద్దాయన నవ్వాడు. ‘‘వీడు మాత్రం మనోడే. రెండు చేతులకూ సమానంగా పట్టుకున్నాడు చూడు. బరువంతా ఒక చేత్తో మోస్తే భుజం లాగేస్తుంది. ఈ బొమ్మ వేసినవాడు చేపలు మోసుండాలి, లేకపోతే మోసేవాణ్ణి దగ్గరగా చూసుండాలి.’’ ఆ చిత్రం గురించి నేను చదివిన వ్యాసాల్లో చేప జాతి గురించి, కుర్రాడి గుండు గురించి, వాటి మతపరమైన అర్థం గురించి చాలా ఉంది. భుజం నొప్పి గురించి ఎవరూ రాయలేదు.

‘‘వీడి పేరేంటి?’’ అని అడిగాడాయన.

తెలియదన్నాను. అక్కడ ఎవరి పేరూ తెలియదు. ఓడల్లో కూర్చున్న పెద్దమనుషుల పేర్లు, ఇల్లు కట్టించినవాడి పేరు, బొమ్మ వేసినవాడి పేరు, ఏదీ తెలియదు. క్రీటులో అయితే రాజు పేరు కూడా తెలియదు. మినోస్ అన్నది గ్రీకు పురాణాల్లో రాజు. 1900లో క్నోసోస్‌లో తవ్వకాలు మొదలుపెట్టిన ఆర్థర్ ఎవాన్స్ ఆ పురాణం పేరునే ఆ జనానికి తగిలించాడు. వాళ్ళు తమను తాము ఏమని పిలుచుకున్నారో మనకు అందలేదు. వాళ్ళకు లిపి లేక కాదు. లీనియర్ ఎ అని ఇవాళ అంటున్న లిపిలో మట్టి పలకల మీద రాసుకున్నారు, దాన్ని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. దాని తరవాత వచ్చిన లీనియర్ బిని 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించాడు గానీ, అది గ్రీకు మాట్లాడిన తరవాతివాళ్ళ రాత.

‘‘పేరు రాసుకోనోడు పడవేం నడుపుతాడు, రేవులో ఎవడిదని చెప్తాడు?’’ అన్నాడు పెద్దాయన, మళ్ళీ వల మీదికి వంగుతూ.

ఈ నిజాంపట్నం పాత కాగితాల్లో పేటపోలి. 1606లో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తకం పెట్టారు. 1611 ఆగస్టులో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ వచ్చి, ఇక్కడ కొందరిని దింపి మచిలీపట్నం పోయింది. తూర్పుతీరంలో ఇంగ్లీషువాళ్ళ తొలి మకాముల్లో ఇదొకటన్నమాట. వాళ్ళు వచ్చింది బట్టల కోసం, ఆ బట్టలకు ఎర్రరంగు అద్దే చిరివేరు కోసం. ఈ తీరపు ఇసక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. పేటపోలి చుట్టుపక్కల దొరికే చిరివేరుకు అప్పట్లో చాలా పేరు. క్రీటు తీరంలోనూ, దాని పక్క చిన్న దీవుల్లోనూ మ్యూరెక్స్ నత్తగుల్లల పెంకులు కుప్పలుగా దొరికాయి. వాటిని చిదిమి ఊదారంగు తీసేవాళ్ళు. అక్కడ నత్త, ఇక్కడ వేరు. సముద్రపు ఒడ్డున దొరికే అల్పమైన వస్తువులోంచి దూరదేశపు దొరల బట్టలకు రంగు పుట్టించడం రెండుచోట్లా ఒక్కటే విద్య. ఇవాళ నిజాంపట్నంలో చిరివేరు అంటే తలకాయ ఊపేవాళ్ళు నాకు దొరకలేదు.

ఓడ బొమ్మలు మనకూ లేకపోలేదు. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ ఉంటుంది. అక్రోతిరి గోడమీది ఓడంత సొగసు ఆ నాణేనికి ఎక్కడిది! రూపాయి బిళ్ళంత చోటులో కొయ్యలు, తాళ్ళు, చుక్కాని చూపించాలి మరి. రేపల్లె దగ్గర పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటి దివిసీమలోకి పోతే ఘంటసాల వస్తుంది. గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ రెండో శతాబ్దంలో కొంటకోస్సిల అని రాసిన వర్తక పట్టణం అదేనని పండితులు అంటారు. మైసోలోస్ అని ఆయన చెప్పిన నది మన కృష్ణేనని వాళ్ళ లెక్క. అక్కడికి కొంత దూరంలోని ఒక చోటు నుంచి ఓడలు తీరం వదిలి సువర్ణభూమి వైపు పోతాయని కూడా రాశాడు. ఘంటసాల శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. అంత పెద్ద నావికుడు ఎలా ఉండేవాడో, తలపాగా ఏ తీరున చుట్టేవాడో, ఆయన ఓడకు ఏ రంగు పూసేవాళ్ళో మనకు తెలిపే బొమ్మ ఒక్కటీ లేదు.

ఇక్కడికి వచ్చేసరికి నా ఆలోచన ఒక గాడిలో పడింది. అక్కడ ముఖాలు మిగిలాయి, పేర్లు పోయాయి. ఇక్కడ పేర్లు మిగిలాయి, ముఖాలు పోయాయి.

క్నోసోస్ గోడల మీది ఆడవాళ్ళను చూడండి. పెద్ద కళ్ళు, ఎర్రటి పెదవులు, నుదుటి మీదికి దిగిన ముంగురులు. ఒకామె బొమ్మ తవ్వకాల్లో దొరికినప్పుడు, అచ్చం పారిస్ అమ్మాయిలా ఉందని ఆ పేరే పెట్టేశారు. సొంత పేరు లేని మనిషికి పరాయివాళ్ళు ఏ పేరైనా పెడతారు. ఎవాన్స్ పేర్లతో ఊరుకోలేదు. కూలిన భవనాన్ని తన ఊహ ప్రకారం కాంక్రీటు పోసి లేపాడు. కింద సన్నగా, పైకి లావుగా ఉండే ఎర్ర స్తంభాలు, వాటి వెనక ఎద్దు బొమ్మ, ఇవాళ క్నోసోస్ అంటే అందరి కళ్ళ ముందు మెదిలేది ఆ కాంక్రీటే. గోడచిత్రాలకు జిలియెరాన్ అనే తండ్రీకొడుకులు ముక్కలు అతికి, లేని చోట రంగులు నింపారు. అందులో ఒక ముచ్చట ఉంది. కుంకుమపూలు కోసే బాలుడు అని ఎవాన్స్ మనుషులు పూర్తి చేసిన చిత్రం, తరవాత పరిశీలిస్తే, బాలుడు కాదు, నీలిరంగు కోతి. తోక కనిపించకపోయేసరికి కోతి కాస్తా బాలుడైంది.

కోతుల సంగతి వచ్చింది గనక ఇంకొక్క మాట. అక్రోతిరిలో ఒక గది గోడల మీద కొండరాళ్ళెక్కుతున్న నీలికోతులున్నాయి. అవి ఆఫ్రికా కోతులని చాలాకాలం అనుకున్నారు. కోతుల మీద పనిచేసే శాస్త్రజ్ఞులను కూడా కలుపుకుని కళాచరిత్రకారులు చేసిన పరిశోధన ఒకటి 2020లో ‘ప్రైమేట్స్’ పత్రికలో వచ్చింది. తోక పైకెత్తి వంచే తీరు, కాళ్ళూ చేతుల పొడవు చూసి, కొన్ని బొమ్మలు కొండముచ్చులవేనని తేల్చారు. కొండముచ్చు మన ఉపఖండం జంతువు. ఎవరు ఎవరికి అమ్మితే, ఏ సింధు రేవు నుంచి, ఏ మెసొపొటేమియా సంత మీదుగా ఆ కొండముచ్చు, లేదా దాన్ని చూసినవాడు, ఆ దీవి చేరాడో! ఈ వాదన మీద అందరూ ఏకాభిప్రాయానికి వచ్చారని కాదు. కానీ నాకు నచ్చిందేమిటంటే, బొమ్మ వేసినవాడు తోకను సరిగ్గా చూశాడు. పెద్దాయన భుజం నొప్పిని చూసినట్టే.

రేపల్లెలో రైలు పట్టాలు ఆగిపోతాయి. అక్కడి నుంచి తెనాలి వైపు పోయే ప్యాసింజరు ఎక్కితే కాసేపట్లో భట్టిప్రోలు. కిటికీలోంచి చూస్తే అంతా వరి. అక్కడక్కడా నేల కొంచెం ఎత్తుగా, ఇసకగా ఉన్న మెరకలు. ఈ డెల్టాలో తీరానికి సమాంతరంగా పరుచుకున్న ఇసక మెరకలు ఒకప్పటి సముద్రపు ఒడ్డులేనని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. కృష్ణ ఒండ్రు పోసుకుంటూ పోయిన కొద్దీ సముద్రం వెనక్కి జరిగింది. ఇవాళ భట్టిప్రోలు నుంచి సముద్రానికి పాతిక కిలోమీటర్ల పైమాటే. అక్కడి బౌద్ధ స్తూపం కట్టిన రోజుల్లో కడలి ఇంకా దగ్గర. క్రీటులోనూ రేవులు మెట్టనెక్కాయి, కానీ అక్కడ నిదానం లేదు. క్రీ.శ. 365లో వచ్చిన భూకంపానికి దీవి పడమటి కొస తొమ్మిది మీటర్ల దాకా ఎత్తుకు లేచింది. మన నేల మెల్లమెల్లగా పెరుగుతుంది. ఉప్పెన మాత్రం ఒక్క రాత్రిలో వస్తుంది. 1977 నవంబరు 19 గురించి ఈ రైల్లో ఏ పెద్దవాళ్ళను కదిపినా చెబుతారు.

భట్టిప్రోలు స్తూపాన్ని ఊరివాళ్ళు తరతరాలుగా లంజదిబ్బ అనే పిలిచారు. బౌద్ధం మరుగున పడ్డాక మన పాత స్తూపాలకు చాలాచోట్ల ఇలాంటి పేర్లే మిగిలాయి. పక్కనే విక్రమార్క కోట దిబ్బ అని ఇంకోటి ఉండేది. విక్రమార్కుడికీ ఈ ఊరికీ సంబంధమేమిటో అడగకూడదు. కంచె దాటి లోపలికి వెళితే గడ్డి, దాని మధ్య పురావస్తు శాఖ సరిచేసిన ఇటుకల చుట్టు. మొదటిసారి చూసేవాళ్ళకు ఇంతేనా అనిపిస్తుంది. అంచు వెంట చుట్టూ నడిస్తే గానీ దీని కొలత అర్థం కాదు. అడుగున వ్యాసం 148 అడుగులు, దాని మీద అండం వ్యాసం 132 అడుగులు. ఘంటసాల లాంటి చోట్ల స్తూపం లోపల బండిచక్రం ఆకుల్లా గోడలు కట్టి మధ్యలో మన్ను నింపారు. ఇక్కడ అలా కాదు, ఆసాంతం ఇటుకే. ఒక ఇటుకకు మోచెయ్యి ఆనించి చూశాను. మూరెడు పొడుగుంది. అంత ఇటుకను పగలకుండా, వంకర పోకుండా కాల్చాలంటే బట్టీ పెట్టినవాడికి మన్ను తెలియాలి, కట్టె తెలియాలి, గాలి కూడా తెలియాలి. రాయి లేని దేశపు కట్టడపు విద్య అంటే ఇదీ.

ఆ ఇటుక మంచిదవ్వడమే దానికి శాపమైంది. పందొమ్మిదో శతాబ్దంలో రోడ్డు వేయడానికి కంకర లేక స్తూపాన్ని పగలగొట్టి ఇటుకలు పరిచారు. పైనున్న రాతి పలకలు వెల్లటూరు కాలువ తూము కట్టడానికి పోయాయి. కృష్ణ మీద ఆనకట్ట కట్టి డెల్టాకు నీళ్ళిచ్చిన కాలం అది. ఆ నీళ్ళతోనే మనం అన్నం తింటున్నాం గనక తూమును తిట్టడానికి నోరు రాదు. కానీ క్నోసోస్‌నూ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒళ్ళు మండుతుంది. ఒకచోట శిథిలానికి సిమెంటు పోసి లేనిపోని మేడ కట్టారు. ఇంకోచోట ఉన్న మేడనే పొడి చేసి రోడ్డు వేశారు. ఎవాన్స్ చేసింది తప్పని పండితులు నూరేళ్ళుగా తిడుతూనే ఉన్నారు. ఆ తప్పును కళ్ళారా చూసి తిట్టే వీలైనా వాళ్ళకుంది. మినోవన్ల భవనాలను 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. భట్టిప్రోలు కంచె లోపల నేనున్నంతసేపూ వచ్చిన సందర్శకులు రెండు మేకలు.

అమరావతికీ ఇదే గతి పట్టింది. అయినా అక్కడ శిల్పాలు దండిగా దొరికాయి, వాటి కింద దాతల పేర్లూ ఉన్నాయి, పేరూ ముఖమూ రెండూ ఒకేచోట చూడాలంటే అక్కడికి పోవాలి, కాకపోతే కొంత లండన్లో, కొంత చెన్నైలో. భట్టిప్రోలులో శిల్పం తక్కువ. ఇక్కడ మిగిలింది వేరే సంపద.

1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వాడు. అప్పటికే పైభాగం రోడ్డు పాలైంది. అయితే గునపాలు అడుగుదాకా పోలేదు. నడిమధ్యలో నిలువుగా వదిలిన సన్నటి గుంటలో, ఒకదాని కింద ఒకటిగా, మూడు రాతి మంజూషలు దొరికాయి. నల్లరాతి అడుగు, దాని మీద సరిగ్గా కూర్చునే రాతి మూత. లోపల స్ఫటికపు భరిణె. దానిలో అస్థి ముక్క, బంగారు రేకులతో చేసిన చిట్టి పూలు, ముత్యాలు, పగడాలు, పూసలు. ఆ బంగారు పూలు గోటి మీద నిలిచేటంత చిన్నవి. మినోవన్ కంసాలి పని గురించి, బంగారు తేనెటీగల జత గురించి పుస్తకాల్లో పేజీలకు పేజీలుంటాయి. ఈ పూలు అంత గొప్ప పనితనమని నేను అనను. కానీ ఆ తేనెటీగలు మనిషి మెడలో వేలాడటానికి చేసినవి. ఇవి ఎవరూ చూడకుండా ఇటుకల కొండ కింద పెట్టడానికి చేసినవి. అయినా రేకు రేకుకూ గీత గీశాడు ఆ కంసాలి.

మంజూషల అంచుల చుట్టూ అక్షరాలున్నాయి. జార్జ్ బ్యూలర్ వాటిని చదివి 1894లో ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించాడు. అశోకుడి బ్రాహ్మికి చాలా దగ్గరి లిపి. అయితే కొన్ని అక్షరాలు వేరు తీరు, ‘మ’ తలకిందులు. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దానిదని బ్యూలర్ అన్నాడు, అంత పాతది కాదన్నవాళ్ళూ ఉన్నారు. తెలుగు లిపికి తల్లి ఇదేనని సభల్లో చప్పట్ల మధ్య వింటుంటాను. నాకు ఆ తొందర లేదు. అక్కడ రాసింది ప్రాకృతం. లిపి తల్లీ కూతుళ్ళ వరస తేల్చేలోగా అందులో ఉన్న మనుషులను పలకరిస్తే బాగుంటుంది.

ఆ మనుషులు ఎవరంటే, కురుడు, అతని తల్లి, తండ్రి, శివుడనే మరొకడు కలిసి బుద్ధుడి ధాతువు ఉంచడానికి మంజూషను, స్ఫటికపు భరిణెను చేయించారు. కుబీరకుడనే రాజు పేరుంది. అయితే ఆయన పైనుంచి ఆజ్ఞ జారీ చేసిన రాజుగా రాడు, ఒక గోష్ఠికి, అంటే బృందానికి, పెద్దగా వస్తాడు. నలుగురిలో ఒకడు. ఇంకో మంజూష మీద నిగమం, అంటే వర్తకుల సంఘం, ఆ సంఘంలోని వాళ్ళ పేర్లు బారుగా. ఒక్కరికీ బిరుదు లేదు, వంశవర్ణన లేదు. చందా పుస్తకంలో రాసినట్టు పేరు పక్కన పేరు. అక్రోతిరి ఓడల్లో పందిరి కింద కూర్చున్నవాళ్ళు ఇలాంటి వర్తకులే అయి ఉండవచ్చు. వాళ్ళ బట్టల మడతలు చెప్పగలం. వీళ్ళను పేరు పెట్టి పిలవగలం.

కంచె బయట గడ్డి కోస్తున్న ఒకావిడ నన్ను చాలాసేపటి నుంచి గమనిస్తోంది. ఆ మేకలు ఆవిడవే.

‘‘రాళ్ళు లెక్కపెట్టడానికొచ్చారా బాబూ?’’

పేర్లు చదవడానికి వచ్చానన్నాను. రాతలు ఇక్కడ లేవు కదా అంది. నిజమే, మంజూషలు చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి పోయాయి. ధాతువు కొంత 1920లో కలకత్తా మహాబోధి సొసైటీ వాళ్ళు కట్టిన ధర్మరాజిక విహారానికి చేరింది. నా దగ్గరున్నది వాటి నకలు కాగితం. అందులోంచి కొన్ని పేర్లు చదివాను. జేతో, తిసో, కేసో, సమణదాసో.

‘‘కేసో అంటే కేశవులా?’’

‘‘కావచ్చమ్మా. జుట్టు బాగా ఉన్నవాడో ఏమో.’’

‘‘దాసు మా వీధిలోనూ ఉన్నాడు. అందరూ మగోళ్ళేనా? ఆడోళ్ళ పేర్లు రాయలేదా?’’

క్రీటు గోడల నిండా ఆడవాళ్ళే. నాట్యం చేస్తూ, పూలు కోస్తూ, జాతర చూస్తూ ముందువరసలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ. వాళ్ళలో ఒక్కరి పేరూ తెలియదు. భట్టిప్రోలులో కురుడి తల్లి ఉంది గానీ ఆమె పేరు రాయలేదు. అయితే ఒక మంజూషలో ఆరు పలకల స్ఫటికం ముక్క ఒకటి దొరికింది. వేలెడు లేని ఆ స్ఫటికం మీద కంటికి ఆనీ ఆనని అక్షరాలు. బ్యూలర్ చదివిన ప్రకారం నందపురం ఆడవాళ్ళ దానం అందులో ఉంది. విడివిడిగా పేర్లు లేవు, నందపురం ఆడవాళ్ళు అనే ఉంది. అదే చెప్పాను.

ఆవిడ కొడవలి నేలకు గుచ్చి, చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

‘‘అందరూ కలిసి వేసుకున్నారన్నమాట. డ్వాక్రా గ్రూపులాగా. మా గ్రూపులోనూ అంతే, బ్యాంకు పాసుపుస్తకం మీద గ్రూపు పేరే ఉంటది, మా పేర్లుండవు. లోపల లెక్క మాత్రం పైసాతో సహా మాకు తెలుసు.’’ తరవాత నా చేతిలో కాగితం కేసి చూసి, ‘‘ఎంతిచ్చారో రాశారా?’’ అని అడిగింది.

రాయలేదన్నాను. ‘‘అది రాసుంటే బాగుండేది’’ అంటూ మేకల వెనక పడింది.